కొర్నేలమ్మ ఊరికి దారి

మా శిరోమణక్క న్యూజీలాండ్ వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఈ దేశంలో ఆవిడ చూడ్డానికి వెళ్లిన వింత ఒకే ఒక్కటి, అదీ చూడలేదు. ఒకసారి చర్చి వాళ్లు బస్సు మాట్లాడుకుని రొటొరువా వెళ్లారు. అందరూ దిగి ఉడికే నీటిగుంటలు చూడ్డానికి పరిగెడితే, ఈవిడ క్యారేజీలకు కాపలాగా బస్సులోనే కూర్చుంది. అదేంటక్కా అంటే, నీళ్లు ఉడకడం మా వంటింట్లో రోజూ చూస్తున్నదేగా అంది. అలాంటి మనిషి పోయిన జూన్‌లో ఒక శనివారం సాయంత్రం, ఆక్లాండ్ దగ్గర పాపకూర అనే ఊళ్లో కుర్చీ మీద కూర్చుని, నెదర్లాండ్స్‌లో ఏడెనిమిది వందల ఏళ్లనాటి డెల్ఫ్ట్ అనే ఊరంతా తిప్పి చూపించింది. ఆ ఊరు ఆవిడ కలలో కూడా చూసి ఎరగదు.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు నిరుపమ, మాది రాజమండ్రి. పాపకూరలో ముప్ఫై మంది ముసలివాళ్లుండే ఒక రెస్ట్ హోమ్‌లో పని చేస్తాను. స్నానాలు, మందులు, పక్కలు నా పని కాదు. వాళ్లకి పొద్దుపోయేలా చూడటం నా పని. బింగో ఆడిస్తాను, కుర్చీలో కూర్చునే చేసే వ్యాయామాలు చేయిస్తాను, నెలకోసారి కుర్చీ యాత్ర పెడతాను. ఏదో ఒక ఊరి వీడియో టీవీలో వేసి, ఆ ఊరి తిండి నాలుగు ముక్కలు చేతిలో పెట్టి, వెళ్లొచ్చామనిపించడమే కుర్చీ యాత్ర. వెనిస్, ప్రాగ్, వియన్నా అన్నీ అలాగే తిప్పేశాను. నాకు ముక్కు మీదే కోపం అంటారు మా ఆయన. అది నిజమే. కానీ నేను వేసిన ప్లాను చెడితేనే వస్తుంది.

శిరోమణక్కది బాపట్ల దగ్గర పల్లెటూరు. మిషన్ ఆసుపత్రిలో పదిహేనేళ్లు నర్సుగా చేసింది. ఇక్కడికొచ్చాక ఆ చదువు చాలదు, మళ్లీ పరీక్షలు రాయమన్నారు. అప్పటికి కొడుకు ఆల్విన్ చిన్నవాడు, ఆవిడ భర్త ఫ్రెడ్రిక్ అన్నయ్యకి బస్సు డ్రైవరు ఉద్యోగం ఇంకా రాలేదు. ముందు ఏదో ఒక పని చూసుకుందామని మా హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరింది. ఆ పరీక్షలు అలా వెనక్కి జరుగుతూనే పోయాయి. దాని గురించి ఆవిడ బాధపడగా నేను చూడలేదు. ఒళ్లు తుడవడం రాని నర్సు కంటే ఒళ్లు తుడవడం వచ్చిన ఆయా నయం అంటుంది, ఆ మాటనేటప్పుడు మాత్రం నా మొహం వైపు చూడదు.

ఆవిడ ఇంగ్లీషు పనికి సరిపోతుంది, కబుర్లకి సరిపోదు. అందుకని కబుర్లు తెలుగులోనే చెబుతుంది. "లెగు తాతా, ఆ చెయ్యి కాస్త ఇటివ్వు" అంటే, ఎనభై అయిదేళ్ల స్కాట్లండ్ తాత బుద్ధిగా చెయ్యి ఇస్తాడు. ఎవరి కూతురో కొడుకో వచ్చి వాళ్లని షికారుకు తీసుకెళ్తుంటే అందరం బై చెబుతాం. ఈవిడ మాత్రం గుమ్మం దాకా వెళ్లి "గో అండ్ కమ్" అంటుంది. వెళ్లిరండి అనే మాటని అలా తిప్పింది. అది ఇంగ్లీషు కాదక్కా అని నేను రెండుసార్లు చెప్పాను. అలాగేనమ్మా అని మూడోసారి కూడా అదే అంది.

ఇక కోరీ. అసలు పేరు కొర్నేలియా. బైబిల్లో కొర్నేలీ ఉన్నాడు కాబట్టి అక్కకి ఆ పేరు వెంటనే పట్టుబడింది, చివర ఒక అమ్మని తగిలించి కొర్నేలమ్మ అనేసింది. తొంభై రెండేళ్ల మనిషి. ఇరవయ్యో ఏట డెల్ఫ్ట్ నుంచి ఓడెక్కి ఆరు వారాలు సముద్రం మీద ప్రయాణం చేసి వచ్చింది. పుకెకోహే వైపు భర్తతో కలిసి గాజు షెడ్లలో టమాటాలు పండించింది. టమాటా మొక్కకి ఆదివారం ఉండదు, ఒక్క వారం వదిలేస్తే పంట పోతుంది. అలా డెబ్బై ఏళ్లలో ఒక్కసారి కూడా పుట్టింటి గడప తొక్కలేదు. భర్త పోయాడు, ఒక్కగానొక్క కూతురు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటుంది. మతిమరుపు మొదలయ్యాక ఇటీవలి సంగతులు ముందు పోయాయి, తర్వాత ఇంగ్లీషు కొంచెం కొంచెంగా పోవడం మొదలుపెట్టింది. డెల్ఫ్ట్ మాత్రం పోలేదు.

సాయంత్రం నాలుగున్నరయ్యేసరికి కోరీకి ఇల్లు గుర్తొచ్చేది. కోటు తొడుక్కుని, నల్ల హ్యాండ్‌బ్యాగ్ చేతికి తగిలించుకుని ముందు తలుపు దగ్గరికి వచ్చేది. ఎదురుపడ్డ వాళ్లమందరం ఒకటే అడిగేవాళ్లం, ఎక్కడికి కోరీ అని. ఇంటికి అనేది. నీ ఇల్లు ఇదే కదా అనేవాళ్లం. అంతే, మనిషి ఎర్రబడిపోయేది. ఒకరోజు ఆ హ్యాండ్‌బ్యాగ్‌తో నా భుజం మీద ఒక్కటి వేసింది. నేను భుజం రుద్దుకుంటూ, ఇంకా తీపి గొంతుతోనే మళ్లీ ఎక్కడికి అని అడుగుతుంటే, దుప్పట్ల బండి తోసుకుంటూ వస్తున్న శిరోమణక్క ఆగింది.

"ఏందమ్మా నువ్వు? బయటికెళ్లే మనిషిని ఎక్కడికి అని అడుగుతారా ఎవరన్నా? మీ ఇంట్లో చెప్పలేదా నీకు?"

చెప్పకేం. మా అమ్మ గుమ్మం దిగుతుంటే ఎవరైనా ఎక్కడికి అన్నారా, వెనక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, అడిగినవాళ్లని నాలుగు అక్షింతలు వేసి గానీ కదిలేది కాదు. తెలుగు దేశంలో పుట్టిన ప్రతివాళ్లకీ తెలిసిన సంగతే. కానీ పాపకూరలో రెస్ట్ హోమ్‌లో, అదీ చర్చికెళ్లే మనిషి నాకు చెప్పడమేంటని నవ్వాను. అక్క నవ్వలేదు. పాస్టరు గారు అట్టాంటివి నమ్మొద్దన్నారు, నేను నమ్మట్లేదు, నోరు రావట్లేదు అంతే అంది. తర్వాత కోరీ వైపు తిరిగి, మనవైపు ఎలా అడుగుతారో అలాగే తన ఇంగ్లీషులో అడిగింది.

"దూరమా, కొర్నేలమ్మా?"

కోరీ హ్యాండ్‌బ్యాగ్ కిందికి దిగింది. కాసేపు ఆలోచించి, పెద్ద దూరం కాదంది. రైలు దిగి కాలవ దాటితే సగం వచ్చేసినట్టే అంది. అక్క ఆమెని తలుపు పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ కూర్చుని, కాలవ దాటాక ఎటు అని అడిగింది. పది నిమిషాలు కోరీ చెప్పింది, ఈవిడ ఊఁ కొట్టింది. ఆ తర్వాత కోరీ తనంతట తానే లేచి భోజనానికి వెళ్లింది. నాకు ట్రైనింగ్‌లో మూడు రోజులు నేర్పింది ఇది కాదు.

ఆ రోజు నుంచి ఎనిమిది నెలలు, అక్క డ్యూటీ ఉన్న ప్రతి సాయంత్రం ఇదే వరస. చుట్టం ఇంటికి మొదటిసారి వెళ్లేవాళ్లు ఎలా దారి అడుగుతారో అలా అడిగేది. రైలు దిగి కాలవ గట్టు పట్టుకోవాలి. ఒక పక్కకి ఒరిగిన చర్చి శిఖరం వస్తుంది. అబద్ధం చెప్పినవాడు దాని కింద నడిస్తే మీద పడుతుందని వాళ్ల నాన్న బెదిరించేవాడు. అక్కడ తిరిగితే బజారు మైదానం. ఈ చివర మునిసిపాలిటీ మేడ, ఆ చివర పెద్ద చర్చి. చర్చి పక్కనించి వెళ్తే ఇత్తడి ఆవు బొమ్మ వేలాడే పాలకొట్టు. ఆ తర్వాత చూపులేని ముసలాయన పొగాకు కొట్టు. ఆయన కొట్టు దగ్గర తిరిగి నీళ్ల వెంబడే పోతే చిన్న వంతెన, వంతెన దాటాక మూడో ఇల్లు, ఆకుపచ్చ తలుపు. కాలవ చివర రెండు మొనదేలిన శిఖరాల కోట గుమ్మం కనపడాలి, కనపడకపోతే తప్పిపోయినట్టు.

ఇందులో ఒక్క వీధి పేరు లేదు. కోరీ చెప్పలేదు, అక్క అడగలేదు. మన ఊళ్లలో మాత్రం వీధి పేరు ఎవడు చెబుతాడు, రైస్‌మిల్లు దాటి కంసాలి వాళ్ల సందు అంటాం గానీ. బాపట్ల మనిషికీ డెల్ఫ్ట్ మనిషికీ అక్కడ లెక్క కుదిరింది.

కానీ అక్కకి వారానికి రెండు రోజులు సెలవు. ఆ రెండు రోజులూ మళ్లీ మేమే ఎక్కడికి అని అడిగేవాళ్లం. బుద్ధి రావడానికి నాకు ఆలస్యమైంది, ఒప్పుకుంటాను. ఏప్రిల్లో ఒకరోజు వానలో కోరీ ఎవరికీ కనపడకుండా బయటపడి పాపకూర స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద దొరికింది. జూన్ మొదటి వారంలో ఏకంగా రైలెక్కి, ఒక స్టేషన్ అవతల టకానినిలో దిగిపోయింది. అక్కడ కొత్తగా కట్టిన ఇళ్లు అన్నీ ఒకే అచ్చు, మా ఇల్లు కూడా ఆ వరసలోనే ఉంది, చీకట్లో నేనే పక్కింటి గేటు తీస్తుంటాను. ఆ ఇళ్ల మధ్య తడిసిన కోటుతో నిలబడి, వచ్చేపోయే వాళ్లని కాలవ ఎక్కడుందని అడుగుతోందట.

మేనేజరు మమ్మల్ని పిలిచి చెప్పింది. ఇలా తప్పిపోయే మనిషిని ఇక్కడ ఉంచుకోవడానికి రూలు ఒప్పుకోదు, నెలాఖరుకి ఎవరిని ఎక్కడ ఉంచాలో తేల్చే అసెస్సర్ వచ్చి చూస్తుంది, బయటికి పోయే ప్రమాదం ఉందని ఆవిడ రాస్తే తాళం వేసి ఉంచే చోటికి మార్చాలి, ఖాళీ ఉన్నది గంటకు పైగా ప్రయాణమున్న హామిల్టన్‌లో. మేనేజరు తప్పేం లేదు, ప్రాణం మీదికొస్తే జవాబు చెప్పాల్సింది ఆవిడే. కోరీ కూతురు ఫోన్లో ఏడ్చింది. అమ్మకి ఇప్పుడు కొత్త మనుషులు అలవాటు కారు, మళ్లీ మారిస్తే తిండి మానేస్తుంది అంది. అంతకుముందు ఇంకో హోమ్ నుంచి ఇక్కడికి మార్చినప్పుడు అదే జరిగింది, పదకొండు రోజులు శిరోమణక్క చెంచాతో పట్టి తాగించిన సూపు మీదే బతికింది.

అక్క ఆ రోజు మేనేజరు గదిలోంచి బయటికొచ్చి నాతో ఒక్క మాటే అంది. "హామిల్టన్‌లో ఎవరడుగుతారమ్మా దూరమా అని?"

నేను ఊరుకునే రకం కాదు. తన ఊరు చూపిస్తే మనసు కుదుటపడుతుందని డెల్ఫ్ట్ కుర్చీ యాత్ర వేశాను. హాలంతా నారింజ రంగు కాగితాలు కట్టాను, గాలిమరలు ప్రింటు తీయించాను, నీలం పువ్వుల కాగితం ప్లేట్లలో జున్ను ముక్కలకి పుల్లలు గుచ్చి పెట్టాను, యూట్యూబులో మంచి వీడియో వెతికి వేశాను. కోరీ గాలిమర బొమ్మ వంక చూసింది. జున్ను ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇది జున్ను కాదంది. పడవలో టూరిస్టులు చేతులూపే దృశ్యం వచ్చేసరికి నాలుగున్నరయింది, లేచి కోటు తెచ్చుకుంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది నా పని. ఆ సాయంత్రం నారింజ కాగితాలు పీకుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

అక్క నిచ్చెన పట్టుకుని నిలబడి, నా ఏడుపు చూడనట్టే మాట్లాడింది. నువ్వు చూపించింది వచ్చిపోయేవాళ్లు చూసే ఊరమ్మా, ఆవిడ అడిగేది ఇంటికి దారి కదా అంది. తర్వాత, మా ఆల్విన్ ఇప్పుడు అటే ఉన్నాడు అంది.

ఆల్విన్ ఆక్లాండ్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. కంపెనీ వాళ్లు మూడు వారాల పని మీద రాటర్‌డామ్ పంపారు. అక్కడి నుంచి డెల్ఫ్ట్‌కి రైల్లో పావుగంట. ఆ శనివారం వాడు స్నేహితులతో పారిస్ పోవడానికి టికెట్టు కొనుక్కున్నాడు. తల్లి ఫోన్ చేసి, పారిస్ ఎక్కడికీ పోదు, నువ్వు పొద్దున్నే ఆరున్నరకి డెల్ఫ్ట్ స్టేషన్లో నిలబడు అని చెప్పింది. అక్కడ పొద్దున్న ఆరున్నరంటే మాకు సాయంత్రం నాలుగున్నర. కోరీ కోటేసుకునే వేళ. పాతికేళ్లు దాటిన కొడుకు పారిస్ మానుకుని వెళ్లాడంటే వాడి పెంపకం ఎలాంటిదో నేను చెప్పనక్కర్లేదు.

శనివారం నాకు సెలవు, అయినా వచ్చాను. కేర్‌గివర్లు పనిలో ఫోను వాడకూడదు కాబట్టి, నా యాక్టివిటీ టాబ్లెట్‌లో వీడియో కాల్ పెట్టి హాల్లో టీవీకి కలిపాను, రిజిస్టరులో కుర్చీ యాత్ర అని రాశాను. నాలుగున్నరకి కోరీ కోటుతో తలుపు దగ్గరికి వచ్చింది. అక్క అలవాటుగా దూరమా అంది. కోరీ కాదన్నట్టు తల ఊపింది. అయితే పద, కూర్చుని వెళ్దాం అని అక్క చెయ్యి పట్టుకుని టీవీ ముందుకి తీసుకొచ్చింది.

తెరమీద ఆల్విన్ గడ్డం, తర్వాత తెల్లవారిన రాళ్ల వీధి. జనం లేరు. నిద్రమొహంతో ఎటు మమ్మీ అన్నాడు. స్టేషన్ వీపుకి పెట్టుకుని నడువు నాన్నా, నీళ్లు వస్తాయి అంది అక్క. వచ్చాయి. గట్టు వెంట పో, వంగిన శిఖరం వస్తుంది, కింద నడిచేటప్పుడు పారిస్ టికెట్టు ఎంతైందో నాకు చెప్పిన అబద్ధం గుర్తుపెట్టుకో అంది. శిఖరం వచ్చింది. ఆ శిఖరం నిజంగానే ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టు పక్కకి ఒరిగి ఉంది. అప్పటివరకు బిస్కెట్లు నములుతున్న మిగతా ముసలివాళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

నేను అప్పుడే అక్కని సరిగ్గా చూశాను. కుర్చీ అంచున కూర్చుని, పెన్ను లేదు, కాగితం లేదు, మ్యాపు లేదు. బజారు మైదానం రాకముందే, ఇప్పుడు ఎడమపక్క మునిసిపాలిటీ మేడ మెట్లు కనపడతాయి అని చెబుతోంది. మెట్లు కనపడుతున్నాయి. ఆల్విన్ ఆగిపోయి, ఇవన్నీ నీకెలా తెలుసు మమ్మీ, నువ్వు రొటొరువాలో బస్సు కూడా దిగలేదు కదా అన్నాడు. నోరు మూసుకుని నడవరా, పెద్దావిడ ఎదురుచూస్తంది అంది అక్క. కోరీ మాత్రం హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని తెర వంకే చూస్తోంది. అంతకు నాలుగు రోజుల ముందు నుంచి ఆమె నోట ఒక్క ఇంగ్లీషు ముక్క రాలేదు.

పెద్ద చర్చి దాటాక దారి చెడిపోయింది. ఇత్తడి ఆవు లేదు. పొగాకు కొట్టు లేదు. ఒకచోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు, ఒకచోట ఐస్‌క్రీము. డెబ్బై ఏళ్ల కిందటి కొట్లు గుర్తుపెట్టుకుని దారి చెబితే ఇలాగే అవుతుందని నేనైనా ముందు ఆలోచించాల్సింది. ఆల్విన్ వీధి పేరు చెప్పమన్నాడు. అక్క దగ్గర లేదు. చూపులేని ముసలాయన కొట్టు, చూపులేని ముసలాయన కొట్టు అని తెలుగులో అంటోంది, అంతకంటే ఆవిడకి తెలిసింది లేదు. ఆల్విన్ అటూ ఇటూ చూసి ఎడమవైపు సందులోకి తిరిగాడు.

"అటు కాదు" అంది కోరీ. ఇంగ్లీషులోనే అంది. "అటు వెళ్తే స్కూలు. తిన్నగా వెళ్లి, నీళ్ల దగ్గర కుడివైపు తిరుగు."

ఆల్విన్ వెనక్కి వచ్చి తిన్నగా వెళ్లాడు. నీళ్లు వచ్చాయి, కుడివైపు తిరిగాడు. అక్కడి నుంచి తిప్పింది కోరీయే. మెల్లగా నడువు, ఆ రాయి జారుతుంది అంది. ఆ కిటికీలో పిల్లి ఉండాలే అంది. వంతెన మీద ఆగమంటే వాడు ఆగాడు. కాలవ చివర రెండు మొనదేలిన శిఖరాలు పొగమంచులోంచి కనపడ్డాయి. ఏడు గంటలు కొట్టాయి, చర్చి గంటలు మా పాపకూర హాల్లో మోగాయి. శిరోమణక్క ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

వంతెన దాటాక మూడో ఇల్లు. తలుపు ఆకుపచ్చగా లేదు, బూడిదరంగు వేశారు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇప్పుడేం చేయాలో మేమిద్దరం అనుకోలేదు. ఇల్లు చూపించడం వరకే ఆలోచించాం. కోరీ ఆ తలుపు తీయమంటే ఏం చెబుతాం?

తలుపు దానంతటదే తెరుచుకుంది. పాతికేళ్ల పిల్ల ఒకతె సైకిలు బయటికి తెస్తూ, తన గుమ్మం ముందు ఫోను పట్టుకుని నిలబడ్డ నల్లటి అబ్బాయిని చూసి బిత్తరపోయింది. ఆల్విన్ తడబడుతూ రెండు ముక్కల్లో చెప్పి ఫోను ఆ పిల్లకి అందించాడు. కోరీ కుర్చీలోంచి ముందుకి వంగి వాళ్ల భాషలో ఏదో అడిగింది. ఆ పిల్ల వెనక్కి, ఇంటి లోపలికి ఒకసారి తిరిగి చూసింది. గొంతు తగ్గించి ఏదో చెప్పింది. కోరీ తల ఊపింది. ఇంకో మాట అంది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

అప్పుడు కోరీ ఆ బూడిదరంగు తలుపు వంక చూస్తూ, శిరోమణక్క చెయ్యి మీద చెయ్యి వేసి, "గో అండ్ కమ్" అంది. లేచి, కోటు విప్పి కుర్చీ మీద వేసి, ఇవాళ సూపు ఏంటని అడిగింది.

ఏం మాట్లాడుకున్నారో తర్వాత ఆల్విన్ ఆ పిల్లని అడిగి చెప్పాడు. అమ్మ లేచిందా అని కోరీ అడిగిందట. ఇంకా లేవలేదు, నిద్రపోతోంది అందట ఆ పిల్ల. అయితే లేపొద్దు, మళ్లీ వస్తాను అందట కోరీ. అక్క ఆ రాత్రి ప్రార్థనలో ఆ పిల్ల పేరు తెలియక, ఆ సైకిలు బిడ్డని దీవించు ప్రభువా అనుకుందట. మరి అది అబద్ధం కదా అక్కా, శిఖరం మీద పడదా అన్నాను. నేను చెప్పలేదుగా అంది ముందు. తర్వాత, నేనైనా అదే చెప్పేదాన్ని అంది.

మరుసటి రోజే అంతా మారిపోయిందని చెబితే అది కథ. కోరీ నాలుగున్నరకి మళ్లీ వచ్చింది. కాకపోతే కోటు లేదు, హ్యాండ్‌బ్యాగ్ ఒక్కటే. దూరమా అంటే కాసేపు ఆలోచించి, దూరమే, అమ్మ ఇంకా లేవలేదు అంది. కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. నేను స్టాఫ్ గది గోడ మీద పెద్దక్షరాలతో నోటీసు పెట్టాను. కోరీని ఎక్కడికి అని అడగకండి, దూరమా అని అడగండి. ఫిలిప్పీన్స్ పిల్లలు, ఫిజీ పిల్లలు, కివీలు అందరూ పాటించారు. తొమ్మిది రోజులు ఎవరూ కోరీని వెతుక్కోలేదు.

పదో రోజు అసెస్సర్ వచ్చింది. మర్యాదస్తురాలు. పొద్దున్నుంచి కోరీతో కూర్చుంది, ఫైళ్లు చదివింది, అందర్నీ అడిగింది. తొమ్మిది రోజులు చాలవు, ఇదివరకు రెండుసార్లు పోయింది కదా అని మేనేజరుతో అనడం నేను విన్నాను. సాయంత్రం అయిదవుతుండగా కోటేసుకుని, కారు తాళాలు చేతిలో పట్టుకుని, గుమ్మం దగ్గర పుస్తకంలో సంతకం పెడుతోంది. అదే సమయానికి కోరీ హ్యాండ్‌బ్యాగ్‌తో వచ్చింది. నా నోటీసు స్టాఫ్ గదిలో ఉంది. అసెస్సర్‌కి చెప్పాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

అసెస్సర్ పెన్ను ఆపి, ఎంతో ప్రేమగా అడిగింది. "ఎక్కడికి కోరీ?"

భోజనాల బండి తోసుకొస్తున్న శిరోమణక్క దాన్ని అక్కడే వదిలేసి రెండడుగులు వేసి ఆగిపోయింది. కోరీ అసెస్సర్‌ని పైనుంచి కిందిదాకా చూసింది. కోటు చూసింది, భుజాన ఉన్న బ్యాగు చూసింది, చేతిలో తాళాలు చూసింది.

"నేనెక్కడికీ వెళ్లడం లేదు" అంది. "వెళ్లేది నువ్వు. దూరమా?"

అసెస్సర్ తడబడి, లేదు, మానుకావ్ దాకా అంది. కోరీ అద్దంలోంచి బయటికి చూసి, చీకటి పడుతోంది, రోడ్డు తడిగా ఉంది అంది. తనే తలుపు తీసి పట్టుకుంది. అసెస్సర్ మెట్లు దిగేదాకా గుమ్మంలో నిలబడి, "గో అండ్ కమ్" అంది. కారు లైట్లు గేటు దాటాక తలుపు మూసింది. లోపలినుంచి మూసింది.

ఇక్కడే ఉండొచ్చని ఉత్తరం నాలుగు రోజులకి వచ్చింది, కానీ నాకూ అక్కకీ ఆ తలుపు చప్పుడుతోనే తెలిసిపోయింది. అక్క గ్లౌజు చేతులతో కళ్లు తుడుచుకోలేక అలాగే నిలబడింది. నేనూ నిలబడ్డాను. కోరీ గడియ సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని, వెనక్కి తిరిగి మా ఇద్దర్నీ చూసి విసుక్కుంది.

"అలా నిలబడ్డారేంటి? లోపలికి రండి, భోజనం చల్లారిపోతోంది."